డూప్లికేట్ రికార్డులు వస్తే ఏది వాడాలి: డిస్టింక్టా, గ్రూప్ బైయా, రో నంబరా?

గుంటూరులో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) నేర్చుకుంటున్న పిల్లలు, షాపులకు చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు రాసిపెట్టే కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "క్వెరీలో ఒకే రికార్డు రెండు మూడు సార్లు వస్తోందండీ, డిస్టింక్ట్ పెట్టేస్తే సరిపోతుందా?" డిస్టింక్ట్ అంటే అచ్చంగా ఒకేలా ఉన్న వరుసల్లో ఒక్కటే ఉంచమనడం. పెడితే వరుసలు తగ్గుతాయి, నిజమే. తగ్గినవి తగ్గాల్సినవేనా అన్నది ఆ క్వెరీ మీకు చెప్పదు. అందుకే ఏ పద్ధతి మంచిదని అడిగే ముందు, ఈ డూప్లికేట్ ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోండి. అది తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

డూప్లికేట్ మూడు రకాలుగా వస్తుంది. టేబుల్లోనే ఒకే మనిషి రెండుసార్లు ఎక్కి ఉండొచ్చు. టేబుళ్లన్నీ శుభ్రంగా ఉన్నా, వాటిని జాయిన్ చేసిన (ఒకదానితో ఒకటి కలిపిన) తీరు వల్ల వరుసలు పెరిగి ఉండొచ్చు. మూడోది అన్నిటికంటే ప్రమాదం: అది అసలు డూప్లికేటే కాదు, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు నిజమైన లావాదేవీలు. ఈ మూడింటికీ ఒకే చికిత్స చేయడం వల్లే లెక్కలు తప్పుతాయి.

మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపు లెక్క తీసుకుందాం. మూడు టేబుళ్లు చాలు. ఒకదాంట్లో రైతులు, ఒకదాంట్లో వాళ్లు తెచ్చిన లాట్లు, ఇంకోదాంట్లో చెల్లింపులు. ఒక రైతు మూడు లాట్లు తెచ్చాడు. లాట్ నంబరు 101లో 40 టిక్కీలు (మిర్చి బస్తాలు), 102లో 40, 103లో 25. మొత్తం 105. డబ్బు మాత్రం ఒకేసారి ఇవ్వరు కదా. 101కి రెండు విడతలుగా ఇచ్చారు, రెండుసార్లూ 50,000 చొప్పున. 102కి ఒకేసారి. 103కి మూడు విడతలు.

ఇప్పుడు లాట్లని చెల్లింపులతో జాయిన్ చేసి టిక్కీలు కూడితే 195 వస్తుంది. ఎందుకంటే 101 రెండుసార్లు వచ్చి 80 అయింది, 103 మూడుసార్లు వచ్చి 75 అయింది, 102 ఒక్కటే 40 దగ్గర ఉంది. ఇది చూసి కంగారుపడి సమ్ లోపల డిస్టింక్ట్ పెడతారు. అప్పుడు 65 వస్తుంది! 101లోనూ 102లోనూ 40 ఉంది కాబట్టి, రెండు 40లు ఒకటైపోయాయి. లాట్ నంబర్లు వేరన్న సంగతి సమ్‌కి పట్టదు, దానికి కనిపించేది అంకె ఒక్కటే. సరే, సమ్ వద్దు, లాట్ నంబరు, టిక్కీలు, చెల్లించిన మొత్తం చూపించి సెలెక్ట్ డిస్టింక్ట్ అందామంటే, 101కి ఇచ్చిన రెండు 50,000లలో ఒకటి మాయమవుతుంది. రైతుకి లక్ష ఇచ్చి, రిపోర్టులో యాభై వేలే చూపిస్తున్నాం. ఇక షాపు వాళ్లకీ రైతుకీ మధ్య మాట తేడా వస్తుంది, తప్పు మాత్రం క్వెరీది.

ఇలాంటి చోట డిస్టింక్ట్ పెట్టడమంటే, కాటా తప్పు చూపిస్తుంటే కాటా సరిచేయకుండా చీటీ మీద అంకె దిద్దడమే. సరైన దారి ఏమిటంటే, ముందు చెల్లింపుల టేబుల్‌ని ఒక సబ్ క్వెరీలో (క్వెరీ లోపలి క్వెరీలో) లాట్ నంబరు మీద గ్రూప్ బై చేసి, అంటే ఒకే నంబరున్న వరుసల్ని ఒక గుంపు చేసి, లాటుకి ఒక్క వరుస వచ్చేలా మొత్తం తీయాలి. ఆ తర్వాత దాన్ని లాట్లతో జాయిన్ చేయాలి. అప్పుడు ఒకటికి ఒకటే కలుస్తుంది, టిక్కీలు 105 దగ్గరే నిలబడతాయి. ఇంకా డబ్బు ఇవ్వని లాట్లు ఉంటాయి కాబట్టి అది లెఫ్ట్ జాయిన్ (జత దొరకకపోయినా మొదటి టేబుల్ వరుసని ఉంచేది) అయి ఉండాలి, లేకపోతే ఆ లాట్లు రిపోర్టు నుంచే పోతాయి.

జాయిన్ వల్ల పెరిగిందో లేదో తెలుసుకోవడం తేలికే. జాయిన్‌కి ముందు లాట్ల టేబుల్లో కౌంట్ ఎంత, జాయిన్ తర్వాత ఎంత? పెరిగితే మీరు కలిపిన రెండో టేబుల్లో ఒక్కో లాటుకి ఒకటికి మించి వరుసలున్నాయన్న మాట. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఎవరైనా డిస్టింక్ట్ టైప్ చేస్తుంటే, ఒక్క క్షణం ఆగమని చెప్తాను.

రెండో టేబుల్ నుంచి మీకు ఏ కాలమూ అక్కర్లేకపోతే అసలు జాయినే వద్దు. "ఈ సీజన్లో సరుకు తెచ్చిన రైతులు ఎవరెవరు" అన్న ప్రశ్నకి చాలామంది రైతుల్ని లాట్లతో జాయిన్ చేసి, పైన డిస్టింక్ట్ పెడతారు. జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ ఇరవై లాట్లు తెచ్చిన రైతుని ఇరవైసార్లు పెంచి, మళ్లీ ఒకటికి కుదించే పని డేటాబేస్ చేత అనవసరంగా చేయించినట్టు. ఎగ్జిస్ట్స్ వాడితే ఆ రైతుకి ఒక్క లాటు కనిపించగానే వెతకడం ఆపేయొచ్చు, వరుసలు పెరిగే ప్రశ్నే లేదు. చదివేవాడికి కూడా మీరు "ఉన్నాడా లేడా" అని అడుగుతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది. ఈ పనికి నా ఓటు ఎప్పుడూ ఎగ్జిస్ట్స్‌కే.

డిస్టింక్ట్, గ్రూప్ బై

ఈ రెండిట్లో ఏది స్పీడు అని ఇంటర్వ్యూల్లో అడుగుతుంటారు. మామూలుగా డూప్లికేట్లు తీసేయడం వరకే అయితే రెండూ దాదాపు ఒకే పని చేస్తాయి. డేటాబేస్ వరుసల్ని సార్ట్ అయినా చేస్తుంది, హాష్ అయినా చేస్తుంది. క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ పెట్టి చూస్తే చాలాసార్లు ఒకే ప్లాన్ కనిపిస్తుంది. కాబట్టి స్పీడు కోసం ఎంచుకోకండి, అడుగుతున్న ప్రశ్నని బట్టి ఎంచుకోండి. యార్డుకి ఏయే మిర్చి రకాలు వచ్చాయో తెలిస్తే చాలంటే డిస్టింక్ట్: తేజ, 334, బ్యాడిగి అని జాబితా వస్తుంది. ఒక్కో రకం ఎన్ని టిక్కీలు, ఎన్ని లాట్లు అని కూడా కావాలంటే గ్రూప్ బై.

డిస్టింక్ట్ గురించి ఒక అపోహ ఉంది. డిస్టింక్ట్ పక్కన బ్రాకెట్లో ఫోన్ అని రాసి, కామా పెట్టి పేరు, ఊరు అని రాస్తే ఫోన్ నంబరు ఒక్కటే చూసి వడకడుతుందని అనుకుంటారు. ఆ బ్రాకెట్టుకి ఏ విలువా లేదు. సెలెక్ట్‌లో ఉన్న కాలమ్స్ అన్నిటినీ కలిపి చూస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా రెండు వరుసలూ వస్తాయి.

మన జిల్లాలో దీనికి కళ్లెదుట ఉదాహరణ ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. పిడుగురాళ్ల, మాచర్ల, సత్తెనపల్లి వైపు రైతులు అంతకుముందు గుంటూరు జిల్లా, ఆ తర్వాత పల్నాడు జిల్లా. మనిషి అదే, ఊరు అదే, ఫోనూ అదే. పాత ఎంట్రీలో గుంటూరు, కొత్త ఎంట్రీలో పల్నాడు. జిల్లా కాలమ్ సెలెక్ట్‌లో ఉన్నంతసేపు డిస్టింక్ట్ ఈ ఇద్దర్నీ ఎప్పటికీ కలపదు. ఇక్కడ మనకి కావలసింది "ఒకేలా ఉన్నవి తీసెయ్" కాదు, "ఈ రైతు తాజా రికార్డు ఒక్కటి ఇవ్వు" అని. అది వేరే ప్రశ్న.

తాజా రికార్డు ఒక్కటే కావాలంటే

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది పాతది: గ్రూప్ బై చేసి మ్యాక్స్‌తో చివరి తేదీ పట్టుకుని, దాన్ని మళ్లీ అదే టేబుల్‌తో జాయిన్ చేయడం. ఏ డేటాబేస్‌లో అయినా పనిచేస్తుంది. కానీ ఒకే తేదీతో రెండు రికార్డులు ఉంటే రెండూ వచ్చేస్తాయి, మళ్లీ మొదటికొస్తాం. ఇంకొందరు జాయిన్ శ్రమ ఎందుకని అన్ని కాలమ్స్‌కీ మ్యాక్స్ పెట్టేస్తారు. అది మాత్రం చేయకండి. ఒక రికార్డు నుంచి ఫోను, ఇంకో రికార్డు నుంచి బ్యాంకు ఖాతా వచ్చి, లోకంలో లేని రైతు ఒకడు తయారవుతాడు.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ పాత వెర్షన్లలో ఇంకో గొడవ ఉండేది. ఫోన్ మీద గ్రూప్ చేసి, మ్యాక్స్ లాంటిదేమీ లేకుండా ఊరు, జిల్లా సెలెక్ట్‌లో పెట్టినా ఒప్పుకునేది, తనకి దొరికిన ఏదో ఒక విలువ ఇచ్చేది. 5.7.5 నుంచి ఓన్లీ ఫుల్ గ్రూప్ బై అన్న సెట్టింగు మామూలుగానే ఆన్‌లో ఉంటోంది, ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ వస్తే సెట్టింగు ఆఫ్ చేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. ఏ విలువ కావాలో మీరు చెప్పలేదని అది మర్యాదగా గుర్తుచేస్తోంది.

రెండోది రో నంబర్, నేను నమ్ముకునేది ఇదే. ఓవర్ బ్రాకెట్లో పార్టిషన్ బై ఫోన్, ఆర్డర్ బై మార్పు తేదీ డిసెండింగ్, ఆ పక్కన ఐడీ డిసెండింగ్ అని రాస్తాం. ఒక్కో ఫోన్ నంబరు కింద ఉన్న రికార్డులకి 1, 2, 3 అని నంబర్లు పడతాయి. 1 వచ్చినవి ఉంచుకుంటే పూర్తి వరుస, ఒకే రికార్డు నుంచి వచ్చినది, చేతికొస్తుంది. చివర్లో ఆ ఐడీ ఎందుకంటే, ఒకే తేదీన రెండు ఎంట్రీలుంటే ఏది ముందో తేల్చడానికి. అది లేకపోతే ఇవాళ ఒకటి, రేపు ఇంకోటి రావచ్చు, రిపోర్టు ఎందుకు మారిందో ఎవరికీ అర్థం కాదు. ఐడీ పెట్టకుండా, రో నంబర్ బదులు ర్యాంక్ వాడితే సమానంగా ఉన్నవాళ్లిద్దరికీ 1 పడుతుంది, డూప్లికేట్ అలాగే ఉంటుంది.

నంబరు 1 అన్న షరతు అదే క్వెరీ వేర్‌లో రాయలేం. వేర్ పని అయ్యాకే ఈ నంబర్లు పడతాయి. అందుకని సబ్ క్వెరీలోనో, విత్ అని మొదలయ్యే భాగంలోనో పెట్టి బయట వడకట్టాలి. స్నోఫ్లేక్, బిగ్‌క్వెరీ లాంటి వాటిలో క్వాలిఫై ఉంది కాబట్టి నేరుగా రాసేయొచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రో నంబర్ 2005 వెర్షన్ నుంచే ఉంది, పోస్ట్‌గ్రెస్‌లో 2009లో వచ్చిన 8.4 నుంచి. మైఎస్‌క్యూఎల్ వాళ్లకి మాత్రం 2018లో 8.0 వచ్చేదాకా దొరకలేదు. షాపులో సిస్టమ్ పాతదైతే వెర్షన్ చూసుకుని మొదలుపెట్టండి.

మూడోది పోస్ట్‌గ్రెస్ లాంటి కొద్ది డేటాబేసుల్లోనే ఉన్న డిస్టింక్ట్ ఆన్. ఫోన్ మీద డిస్టింక్ట్ ఆన్ పెట్టి, ఆర్డర్ బైలో ముందు ఫోన్, తర్వాత తేదీ డిసెండింగ్ రాస్తే చాలు, చిన్నగా ముచ్చటగా ఉంటుంది. రేపు డేటాబేస్ మారే అవకాశం లేకపోతే హాయిగా వాడుకోండి. నలుగురు చదివే కోడు అయితే రో నంబరే మేలు, ఎక్కడికి వెళ్లినా తెలిసిన వాడు దొరుకుతాడు.

ఫోన్ నంబరు లేని రైతులు

ఈ ఒక్క విషయం దగ్గర మాత్రం నెమ్మదిగా చదవండి. గ్రూప్ బై, డిస్టింక్ట్, యూనియన్, పార్టిషన్ బై, ఇవన్నీ నల్ (విలువే లేదని గుర్తు) ఉన్నవాటన్నిటినీ ఒకే గుంపు కింద లెక్కేస్తాయి. ఫోన్ మీద పార్టిషన్ చేసి నంబరు 1 కాని వాటిని డిలీట్ చేశారనుకోండి. ఫోన్ నంబరు ఇవ్వని రైతులు యాభై మంది ఉంటే, ఆ యాభై మందీ ఒకే గుంపు అయిపోతారు. ఒక్కడు మిగులుతాడు, నలభై తొమ్మిది మంది పోతారు. వాళ్లు ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేనివాళ్లు! అందుకే పార్టిషన్ చేసే ముందే, ఫోన్ నల్ కాని వాళ్లని మాత్రమే తీసుకునే షరతు ఉండాలి. ఖాళీగా వదిలేసిన చోట నల్ బదులు ఖాళీ స్ట్రింగ్ పడి ఉంటే అదీ ఇదే గతి. గుమాస్తా పదిసార్లు 9 కొట్టి ముందుకెళ్లిన నంబర్లు కూడా ఉంటాయి, వాటినీ పక్కన పెట్టాలి.

ఒకే విలువ రెండుసార్లు ఎక్కకుండా డేటాబేస్ చేత ఆపించే యూనిక్ నిబంధన దగ్గరికొస్తే పద్ధతి తిరగబడుతుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండిట్లోనూ యూనిక్ కాలమ్‌లో ఎన్ని నల్‌లైనా పట్టేస్తాయి, అవి ఒకదానికొకటి వేరని లెక్క. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్క నల్‌నే ఒప్పుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో 2022లో వచ్చిన 15 నుంచి నల్స్ నాట్ డిస్టింక్ట్ అని రాసి ఆ తీరు మార్చుకోవచ్చు. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ కూడా నల్ కిందే లెక్క.

నంబరు ఉన్నంత మాత్రాన సరిపోదు. పల్లెల్లో ఇంటిల్లిపాదికీ కొడుకు నంబరే ఇస్తారు. తండ్రి, బాబాయి, మేనమామ, ముగ్గురూ వేరువేరు రైతులు, ఫోను ఒకటే. కాబట్టి ఫోన్ ఒక్కటే గుర్తు అనుకోవద్దు. ఫోను, పేరు, ఊరు మూడూ కలిపి చూడండి. కలిపి చూసేటప్పుడు పేరు దగ్గర కష్టం వస్తుంది. ఇంటిపేరు ఒక చోట ముందు, ఇంకో చోట వెనక. వెంకటేశ్వర్లు అన్న పేరు ఇంగ్లిష్‌లో కొడితే ఒకడు హెచ్ పెడతాడు, ఒకడు పెట్టడు. మైఎస్‌క్యూఎల్ 8.0లో మామూలుగా వచ్చే కొలేషన్‌కి (అక్షరాలు పోల్చే పద్ధతికి) ఇంగ్లిష్ పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఒకటే, పోస్ట్‌గ్రెస్‌కి వేరువేరు. అదే డేటా, అదే డిస్టింక్ట్, రెండు చోట్లా వేరే లెక్క.

తెలుగులో ఎంటర్ చేసినా బాధ తప్పదు. అరండల్‌పేట అని రాసేటప్పుడు ల్ తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, కొన్ని కీబోర్డుల్లో పడుతుంది, కొన్నిట్లో పడదు. ఐత్వం ఒకే కోడుగానూ ఉండొచ్చు, ఎత్వం గుర్తు, దాని కింది గుర్తు అని రెండు కోడ్‌లుగానూ ఉండొచ్చు. స్క్రీన్ మీద రెండు పేర్లూ అచ్చుగుద్దినట్టు ఒకటే, డేటాబేస్‌కి రెండు. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉన్న నార్మలైజ్ ఫంక్షన్ ఐత్వం తేడాని సరిచేస్తుంది. నాన్ జాయినర్‌ని మాత్రం రీప్లేస్‌తో మనమే తీసేయాలి. డూప్లికేట్లు వెతికే ముందు ట్రిమ్, లోయర్, నార్మలైజ్ చేసిన పేరుని వేరే కాలమ్‌లో పెట్టుకుని, దాని మీదే పోల్చండి. అసలు పేరు ముట్టుకోకండి, చీటీ మీద రైతు పేరు అతను చెప్పినట్టే రావాలి.

యూనియన్, యూనియన్ ఆల్

ఇక్కడ చెప్పేది తక్కువే. రెండు సీజన్ల టేబుళ్లు కలపాలంటే యూనియన్ ఆల్ వాడండి. ఉత్త యూనియన్ రెండిటి మధ్య ఉన్నవే కాదు, ఒకే టేబుల్లో ఒకేలా ఉన్న వరుసల్ని కూడా కుదించేస్తుంది. లాట్ నంబరు సెలెక్ట్‌లో లేకపోతే, అదే తేదీ, అదే రకం, అదే 40 టిక్కీలు ఉన్న రెండు నిజమైన లాట్లలో ఒకటి పోతుంది, పైగా సార్టింగో హాషింగో చేసి టైమ్ తింటుంది. నిజంగా జాబితాలు కలిపి ఒక్కో పేరు ఒక్కసారే కావాలన్నప్పుడు యూనియన్ బాగుంటుంది. డబ్బు, బరువు ఉన్న చోట దాన్ని వాడకండి.

దాచాలా, తీసేయాలా

రిపోర్టులో కనపడకుండా చేయడం వేరు, టేబుల్లోంచి తీసేయడం వేరు. డేటా మీది కాకపోతే, లేదా ఎందుకు రెండుసార్లు ఎక్కిందో ఇంకా తేలకపోతే, రో నంబర్‌తో ఒక వ్యూ (పేరు పెట్టి దాచుకున్న క్వెరీ) రాసి అందరూ ఆ వ్యూనే వాడేలా చూడండి. ప్రతి రిపోర్టులో ఎవరికి వాళ్లు విడిగా డిస్టింక్ట్ రాసుకుంటూ పోవడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం. ఒక చోట సరిచేస్తే అన్ని చోట్లా సరిపోతుంది.

తీసేయాలని తేల్చుకుంటే, ముందు గ్రూప్ బై చేసి, హ్యావింగ్ కౌంట్ ఒకటి కంటే ఎక్కువ అని పెట్టి జాబితా తీయండి. దాన్ని ప్రింట్ తీసి షాపు గుమాస్తా ముందు పెట్టండి. ఎవరు ఎవరో కోడ్ కంటే ఆయనకే బాగా తెలుసు. ఆ తర్వాత నేరుగా డిలీట్ కాదు. తీసేయబోయే రైతు ఐడీ మీద లాట్లు ఉంటాయి, ముందు వాటిని ఉంచబోయే ఐడీకి మార్చాలి. ఫారిన్ కీ (లాటుని రైతు ఐడీకి కట్టి ఉంచే నిబంధన) ఉంటే ఈ క్రమం తప్పితే డేటాబేసే ఆపుతుంది. అది లేకపోతే లాట్లు దిక్కులేనివవుతాయి, క్యాస్కేడ్ డిలీట్ ఉంటే లాట్లు కూడా రైతుతో పాటు పోతాయి. అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో చేసి, ముందు, తర్వాత మొత్తం టిక్కీలు, మొత్తం డబ్బు సమానంగా ఉన్నాయా అని చూశాకే కమిట్ కొట్టండి. తేడా ఒక్క రూపాయి ఉన్నా రోల్‌బ్యాక్, అంటే చేసినదంతా వెనక్కి.

డిలీట్ రాసే తీరు డేటాబేస్‌ని బట్టి మారుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రో నంబర్ ఉన్న విత్ భాగం మీదే డిలీట్ చేయొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో అది కుదరదు, తీసేయాల్సిన ఐడీలు సబ్ క్వెరీలో ఇవ్వాలి. మైఎస్‌క్యూఎల్ అయితే తీసేసే టేబుల్‌నే సబ్ క్వెరీలో చదివితే 1093 ఎర్రర్ ఇస్తుంది, ఆ సబ్ క్వెరీని ఇంకో సెలెక్ట్‌లో చుట్టి ఇవ్వాలి. టేబుల్‌కి ప్రైమరీ కీయే (ఒక్కో వరుసని విడిగా గుర్తించే కాలమ్) లేకపోతే ఒరాకిల్‌లో రో ఐడీ, పోస్ట్‌గ్రెస్‌లో సీటీఐడీ ఆదుకుంటాయి.

శుభ్రం చేసిన రోజే యూనిక్ నిబంధన కూడా పెట్టేయండి. "సాఫ్ట్‌వేర్‌లో ముందే చెక్ చేస్తున్నాం కదా" అంటారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముంచెత్తేటప్పుడు రెండు కౌంటర్లలో ఇద్దరు ఒకే రైతుని ఒకే క్షణంలో ఎంటర్ చేస్తే, ఇద్దరికీ "లేడు" అనే జవాబు వస్తుంది, ఇద్దరూ ఎక్కించేస్తారు. దాన్ని ఆపగలిగేది డేటాబేస్‌లో ఉన్న నిబంధన మాత్రమే. అప్పుడు ఎంట్రీ దగ్గర ఎర్రర్ రాకుండా, ఉన్న రికార్డే అప్‌డేట్ అయ్యేలా, పోస్ట్‌గ్రెస్‌లో అయితే 9.5 నుంచి ఆన్ కాన్‌ఫ్లిక్ట్, మైఎస్‌క్యూఎల్‌లో ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్ వాడుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లోనే ఇన్సర్ట్ ఇగ్నోర్ అని ఇంకోటి ఉంది. అది డూప్లికేట్ ఎర్రర్‌తో పాటు మిగతా తప్పుల్ని కూడా వార్నింగులుగా మార్చి లోపలికి రానిస్తుంది. డబ్బు లెక్కలున్న టేబుల్ మీద దాన్ని నేను ఒప్పుకోను.

లాట్లు, చెల్లింపుల టేబుళ్ల మీద మాత్రం తేదీ, మొత్తం కలిపి యూనిక్ పెట్టకండి. ఒకే రోజు రెండుసార్లు 50,000 ఇవ్వడం సహజం. అక్కడ రసీదు నంబరో, బ్యాంకు ట్రాన్సాక్షన్ నంబరో యూనిక్‌గా ఉండాలి. రైతుల్ని కలిపినప్పుడు పాత ఐడీ ఏ కొత్త ఐడీలో కలిసిందో ఒక చిన్న టేబుల్లో రాసి ఉంచండి. పాత చీటీ పట్టుకుని ఎవరైనా వస్తే, దాని మీదున్న నంబరు కొట్టగానే ఇప్పటి ఖాతా తెరుచుకోవాలి.